గోవిందమ్మగారు చెరిపిన గోడలు

తిరువూరులో గోవిందమ్మగారి గురించి ఎవరినడిగినా రెండు మాటలు చెబుతారు. పప్పులో రాయి వదలరని ఒకటి, నోరు ఊరుకోదని రెండోది. రెండూ నిజమే. ఆవిడ ఇంటి వెనక వాటాలో పదకొండేళ్లుగా అద్దెకుంటున్నాను కాబట్టి రెండింటి రుచీ నాకు తెలుసు. నా పేరు పుష్పలత. గంపలగూడెం హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఊళ్లో ఎవరూ నన్ను పేరుతో పిలవరు, టీచరుగారంటే చాలు.

గోవిందమ్మగారి భర్త వెంకటకృష్ణారావుగారికి విస్సన్నపేట రోడ్డులో కందిపప్పు మిల్లు ఉంది. పంతొమ్మిదో ఏట కాపురానికొచ్చిన ఈవిడను అత్తగారు తెచ్చి మిల్లులో పప్పు ఏరే ఆడవాళ్ల మధ్య కూర్చోబెట్టారు. కోడలు యజమానురాలిగా కూర్చుంటుందని ఆడవాళ్లనుకున్నారు. ఈవిడ చేట అందుకున్నారు. నాలుగేళ్లు తిరిగేసరికి మిల్లులో ఒక పద్ధతి పెట్టారు. ఏరిన బస్తా మూతి కుట్టేముందు ఏరినావిడ పేరు రాసిన చీటీ లోపల వేయాలి. కొట్టువాడు రాయి దొరికిందని బస్తా వెనక్కి పంపితే, చీటీ తీసి చూసి, ఆ మనిషే మళ్లీ ఏరాలి. మొదటి ఏడాదే ఒక బస్తా వెనక్కొచ్చింది. చీటీ మీద గోవిందమ్మ అని ఉంది. పద్నాలుగు మంది చూస్తుండగా ఆవిడ మధ్యాహ్నం భోజనం మానేసి ఆ బస్తా మొత్తం మళ్లీ ఏరారట. ఆ రోజు నుంచి చీటీ గురించి ఎవరూ కిక్కురుమనలేదు.

తర్వాత రంగు చూసి రాళ్లు ఊదేసే యంత్రం వచ్చింది. చేటలు అటకెక్కాయి. యాభై నాలుగేళ్ల వయసులో గోవిందమ్మగారికి చేయడానికి పని లేకుండా పోయింది. పని లేని మనిషి ఇంట్లో ఎంత పని కల్పిస్తుందో వెనక వాటాలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. నా తలుపు ముందు ముగ్గు వంకరగా ఉందని కూడా రెండుసార్లు తుడిపించారు.

అలాంటి ఇంటికి కోడలిగా వచ్చింది ప్రత్యూష. ఎమ్మెస్సీ చదివి, హైదరాబాదులో ఒక పరిశోధన ల్యాబులో రెండేళ్లు పనిచేసిన పిల్ల. కొడుకు నాగేంద్రతో పెళ్లి కుదిరినప్పుడు ఒకే ఒక్క షరతు పెట్టింది, ఉద్యోగం మాననని. ల్యాబువాళ్లు ఇంటి నుంచే పనిచేయమన్నారు. మేడ మీద గది, పెద్ద కంప్యూటరు, పలకలాంటి దాని మీద పెన్నుతో గీసే ఏర్పాటు అన్నీ వచ్చాయి. కోడలు పగలంతా బొమ్మల మీద గీతలు గీస్తుందట అని ఊళ్లో నవ్వుకున్నారు. నవ్వేవాళ్లకు ఏం పని.

ఆ పనేమిటో నేనడిగి తెలుసుకున్నాను. దవడలోనో తొడలోనో ఎముక ముక్క పోయినచోట, కొత్త ఎముక పెరగడానికి ఆసరాగా చిన్న ముక్క ఒకటి పెట్టాలని ఆ ల్యాబువాళ్ల ప్రయత్నం. ఇల్లు కట్టేటప్పుడు కట్టే పరంజాలాంటిదన్నమాట, వాళ్లు పిలిచేదీ ఆ పేరుతోనే, స్కాఫోల్డ్ అని. ఒంట్లో మెల్లగా కరిగిపోయే ప్లాస్టిక్‌లో ఉప్పురవ్వ కలిపి గట్టిపడనిస్తారు. తర్వాత నీళ్లలో నానబెడతారు. ఉప్పు కరిగి పోతుంది, అది ఉన్నచోట గుల్ల మిగులుతుంది. శనగగింజంత ముక్కలో కొన్ని వేల గదులు. ఆ గదుల్లోకి కణాలు పాకాలి, వాటి వెనక రక్తనాళాలు పాకాలి, అప్పుడు ఎముక పడుతుంది. అందుకు గదికీ గదికీ మధ్య దారి ఉండాలి. దారి లేని గది ఎంత పెద్దదైనా దండగే, అందులోకి ఏదీ చేరదు.

దారులున్నాయో లేదో కోసి చూద్దామంటే కోతకు అంచులు నలిగిపోతాయి. అందుకని ముక్కను ఎక్స్‌రే ముందు కొంచెం కొంచెం తిప్పుతూ ఫొటోలు తీస్తారు. వాటిని కంప్యూటరు పొరలుగా పేరుస్తుంది. వెంట్రుక మందంలో పదోవంతు ఒక్కో పొర, అలాంటివి ఆరువందల పన్నెండు. మామూలుగా మనుషులకు చేసే సీటీ స్కానే, కాకపోతే చీమకు చేసినంత సన్నగా. పొరలో నల్లగా ఉన్నది ఖాళీ, తెల్లగా ఉన్నది గోడ. ఈ రెంటినీ కంప్యూటరే విడదీస్తుంది. అటూ ఇటూ కాని బూడిదరంగు దగ్గర మాత్రం తడబడుతుంది. అక్కడ మనిషి చూసి, ఇది గోడ, ఇది ఖాళీ అని పెన్నుతో దిద్దాలి. ప్రత్యూష పని అదే. దిద్దిన పొరలన్నీ కలిపితే నూటికి ఎన్ని గదులకు దారులున్నాయో లెక్క తేలుతుంది.

గోవిందమ్మగారు మొదట్లో కాఫీ ఇవ్వడానికి మేడెక్కేవారు. తర్వాత కాఫీ ఇచ్చి కాసేపు నిలబడేవారు. మూడో నెలకు అక్కడ ఆవిడకంటూ ఒక కుర్చీ ఉంది. ఒకరోజు ఉన్నట్టుండి, ఆ మూల నల్లది ఒకటి వదిలేశావు అన్నారు. ప్రత్యూష చూసుకుంటే నిజంగానే వదిలేసింది. మర్నాడు ఇంకో రెండు చూపించారు. చేటలో రాయి పట్టిన కన్ను కదా, తప్పించుకుపోవడం కష్టం. కింద టీవీలో సీరియళ్లు వాటంతటవి నడుస్తుంటే అత్తాకోడళ్లు పైన కూర్చుని ఎముకలో గదులు లెక్కపెట్టేవారు. అత్తాకోడళ్లంటే ఉప్పూ నిప్పూ అనుకునే మా వీధివాళ్లు కొంత నిరాశపడ్డారు.

ఇంతలో ప్రత్యూషకు చికున్‌గున్యా వచ్చింది. జ్వరం వారంలో తగ్గింది కానీ వేళ్ల కణుపులు వాచి పెన్ను పట్టుకోనివ్వలేదు. పదో ముక్క స్కాను అప్పుడే వచ్చింది, దాన్ని ఇరవై రోజుల్లో పంపాలి. సెలవు అడిగితే పని ఇంకొకరికి పోతుందని ఆ పిల్ల భయం. నేను దిద్దుతాను, నువ్వు పక్కన పడుకుని చూస్తూ ఉండు అన్నారు గోవిందమ్మగారు. బయటివాళ్లెవరికీ బొమ్మలు చూపించకూడదని ప్రత్యూష సంతకం చేసిన కాగితం ఒకటుంది. ఆవిడకు ఆ సంగతి తెలియదు. తెలిసిన ప్రత్యూష చెప్పలేదు.

రోజుకు ముప్పై ఐదు పొరల చొప్పున ఆవిడ ఆరువందల పన్నెండూ దిద్దారు. నీరసంగా ఉన్న ప్రత్యూష పైపైన తిప్పి చూసి, ఇంత శుభ్రంగా నేనెప్పుడూ చేయలేదత్తయ్యా అన్నది. తన పేరుతోనే పంపింది. లెక్క తొంభై ఏడు వచ్చింది. అంతకుముందు తొమ్మిది ముక్కల్లో ఒక్కటీ డెబ్భై దాటలేదు. ల్యాబు పెద్ద సరోజినీదేవిగారు స్వయంగా ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఈ రకం ముక్కలనే కుందేళ్ల తొడ ఎముకల్లో పెట్టి చూద్దామని తేదీ కూడా వేశారు. ఆ వారమంతా గోవిందమ్మగారు వీధిలో ఎవరితోనూ పోట్లాడలేదు. అంత సంతోషంగా ఆవిడను నేనెప్పుడూ చూడలేదు.

కుందేళ్ల జోలికి పోయేముందు ల్యాబువాళ్లు అదే ముక్కను రంగునీళ్లలో ముంచి, తీసి కోశారు. రంగు అంచుల్లోనే ఆగిపోయింది, నడిమధ్య తెల్లగా ఉంది. స్కాను చూస్తే దారులన్నీ తెరిచే ఉన్నాయంటుంది, రంగు చూస్తే లోపలికి పోలేనంటుంది. ఒకసారి సరిచూసి పదకొండింటికి వీడియో కాల్‌లో చెప్పమని ప్రత్యూషకు కబురొచ్చింది.

ఆ పిల్ల అసలు పొరనూ దిద్దిన పొరనూ పక్కపక్కన పెట్టింది. చూడగానే అర్థమైపోయింది. గదుల మధ్య పొగలాంటి సన్నటి గీతలు, అక్కడక్కడ పిసరంత మచ్చలు ఉన్నాయి. గోవిందమ్మగారు ఒక్కటీ వదలకుండా అన్నీ తుడిచేశారు. నలుసు కనబడితే తీసేయాలి, అదే కదా ఆవిడకు తెలిసిన పని. ఒక్క పొరలో చూస్తే అది నలుసే. పొర మీద పొర పేర్చి చూస్తే గోడ. ఉప్పురవ్వకూ ఉప్పురవ్వకూ మధ్య మిగిలిన ఉల్లిపొరంత గోడలను ఆవిడ వేలాదిగా శుభ్రం చేసేశారు. కంప్యూటరుకు ఇలాంటి తప్పు రాదు, అది ఎక్కడైనా తడబడుతుంది కానీ ఇంత శ్రద్ధగా చెరపదు. చదువుకున్న పిల్లకూ రాదు. ముప్పై ఐదేళ్లు చేట పట్టిన చేతికే వస్తుంది.

ఇదంతా విన్న గోవిందమ్మగారు, వాళ్లకేం చెబుతావని అడిగారు. జ్వరంలో చేశాను, పొరపాటైంది, మళ్లీ చేస్తానని చెబుతానన్నది ప్రత్యూష. ఒక తప్పుకు ఉద్యోగం పోదు. ఇంకొకరి చేత చేయించానంటే మాత్రం పోతుంది. అప్పుడు చెప్పింది కాగితం మీద సంతకం సంగతి.

గోవిందమ్మగారికి ఇందులో ఒక ముక్క మింగుడుపడలేదు. తర్వాత నాకు చెప్పారు, నేను ఆవిడ అప్పటి తర్కాన్ని అలాగే చెబుతున్నాను. ఈ తప్పు ప్రత్యూషదని రాసుకుంటే, అంతకుముందు చేసిన తొమ్మిదింటినీ అనుమానిస్తారు. రాయి ఎవరి చేటలోదో తెలియకపోతే కొట్టువాడు మొత్తం బస్తాలన్నీ వెనక్కి పంపుతాడు. పైగా ఆ పిల్ల రెండేళ్ల పనికి తన చేతి మచ్చ అంటుతుంది. తర్కంలో లోపమేమీ లేదు. మా బళ్లో పిల్లలెవరైనా రాసి ఉంటే పదికి పది వేసేదాన్ని.

పదకొండింటికి కాల్ వచ్చింది. ప్రత్యూష అనుకున్నట్టే మొదలుపెట్టింది. జ్వరం, వేళ్ల నొప్పులు, పొరపాటు అంటూ సగం చెప్పిందో లేదో, గోవిందమ్మగారు తన కుర్చీని కెమెరా ముందుకు జరుపుకున్నారు.

“నమస్కారమండి. ఆ పదోది దిద్దింది నేనండి. ఈ పిల్ల అత్తగార్ని. గీతలు మురికనుకుని నేనే తుడిచేశాను. ముందు తొమ్మిదిట్లో నా చెయ్యి పడలేదండి, అవి నికార్సైనవి.”

సరోజినీదేవిగారు కోప్పడే మనిషి కాదట, కోప్పడినా బాగుండేదని ప్రత్యూష తర్వాత అన్నది. ఆవిడ గోవిందమ్మగారికి నమస్కారం పెట్టి, చెప్పినందుకు మీకు కృతజ్ఞతలు, తొమ్మిది ముక్కలు మళ్లీ చేయించే పని తప్పింది, కుందేళ్లను కోసే పని కూడా తప్పింది అన్నారు. ప్రత్యూష వైపు తిరిగి, పదోదాన్ని నువ్వే పదిరోజుల్లో మళ్లీ చేసి పంపు, ఆ తర్వాత నీ ఒప్పందం కొనసాగించలేను, రూలు నా ఒక్కదానిది కాదు అన్నారు. కాల్ మొత్తం కలిపి ఆరు నిమిషాలు.

గోవిందమ్మగారు మెప్పు కోసం కోడలి వైపు చూశారట. ఆ మాట ఆవిడే ఒప్పుకున్నారు.

“నిజం చెప్పినందుకు మీకేం పోయింది అత్తయ్యా?” అన్నది ప్రత్యూష. “పోయింది నా ఉద్యోగం.”

గోవిందమ్మగారు మేడ దిగి వచ్చి నా వాటాలో కూర్చుని మంచినీళ్లడిగారు. నేను మాత్రం ఏం చెప్పను? యథార్థవాది లోకవిరోధి అంటారు, లోకంతో విరోధం ఎలాగోలా భరించవచ్చు. ఇంట్లో మనిషితో భరించడం కష్టం. తప్పు ఈవిడది, నిజం ఈవిడది, నష్టం మాత్రం ఆ పిల్లది. ఆ సంగతి పైకి అనేశాను కూడా. ఆవిడ గ్లాసు పెట్టేసి లేచి వెళ్లిపోయారు.

ప్రత్యూష పదిరోజులు తలుపేసుకుని, ఇంకా వాపు తగ్గని వేళ్లతో ఆ ముక్కను మళ్లీ దిద్దింది. లెక్క యాభై ఎనిమిది వచ్చింది. ఆ రకం ముక్కలు పక్కన పెట్టి, ఉప్పు పాళ్లు పెంచి కొత్తవి చేస్తున్నారని కబురొచ్చింది. పదకొండో రోజు నుంచి కంప్యూటరు ఆమె పాస్‌వర్డ్ తీసుకోవడం మానేసింది. మామగారు వెంకటకృష్ణారావుగారు పప్పులో కాలేశారర్రా అత్తాకోడళ్లు అని హాస్యమాడబోయారు, ఎవరూ నవ్వలేదు. నాగేంద్ర, పోనీలే, మిల్లులో బిల్లులు చూసుకోవచ్చుగా అన్నాడు. ఓదార్పనే అనుకుని ఉంటాడు పాపం. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో మగవాళ్లకు వివరించడం ఎవరి తరం.

అయిదు నెలలు ఆ ఇంట్లో అందరూ మర్యాదగా ఉన్నారు. అన్నం పెట్టమంటారా, పెట్టు, ఇంకొంచెం కూర వేయనా, చాలమ్మా. మాటలంటే అవే. గోవిందమ్మగారు మేడ మెట్లెక్కడం మానేశారు. వీధిలో కూడా నోరు తగ్గింది. నా ముగ్గు వంకరగా ఉన్నా ఏమీ అనలేదు. నేను కావాలనే రెండు రోజులు మరీ వంకరగా వేసి చూశాను.

ఆ తర్వాత విజయవాడలో ఒక దంతాల స్కానింగ్ సెంటర్‌లో ఖాళీ ఉందని ప్రత్యూషకు తెలిసింది. ఇంప్లాంట్ పెట్టేముందు దవడ ఎముక లోపల ఎలా ఉందో సీటీ తీసి చూసి చెప్పాలి. ఆమెకు చేతనైన పనికి దగ్గరిదే. పొద్దున్నే బస్సెక్కి వెళ్లింది. గోవిందమ్మగారు ఆ రోజు ఏమీ తినలేదని పనిమనిషి నాకు చెప్పింది. ఉపవాసమా అని అడిగితే, ఏకాదశి అన్నారట. ఆ రోజు నవమి.

ఆ ఉద్యోగం ఆమెకు రాలేదు. ఆ సంగతి వారం తర్వాత తెలిసింది. నేను చెబుతున్నది ఆ సాయంత్రం మాట. దీపాలు పెట్టే వేళకు ప్రత్యూష వచ్చింది. గోవిందమ్మగారు వరండాలో నాతోపాటు కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. ఏమడిగారని అడగలేక ఆవిడ నా వైపు చూశారు. నేనే అడిగాను.

అంతా బాగానే జరిగిందని చెప్పింది ప్రత్యూష. స్కాన్లు చూపించి అడిగినవాటికి అన్నిటికీ సరిగ్గా చెప్పింది. చివర్లో, పాత ఉద్యోగం ఎందుకు మానేశారన్నారట. పెళ్లయిన పిల్ల కదా, ఇంట్లో ఇబ్బంది అంటే ఎవరూ తిరిగి అడగరు. ఆ మాటే అందామనుకుని నోరు తెరిచింది. కానీ ఉన్నదున్నట్టు చెప్పేసింది. రూలు తెలిసీ అత్తగారి చేత చేయించానని, ఆవిడకు రూలుందని కూడా చెప్పలేదని, అందుకే తీసేశారని. అక్కడున్న డాక్టరు పెన్ను మూసి, సరే, తెలియజేస్తాం అన్నాడట.

గోవిందమ్మగారి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

“అక్కడ ఊరుకోవాల్సింది పిల్లా,” అన్నారు. “ఎవరడిగారు నిన్ను అంత వివరంగా? ఇంట్లో బాలేదని ఒక్క ముక్క అంటే పోయేది.”

చీటీల పద్ధతి పెట్టిన మనిషి నోటి నుంచి వచ్చిన మాట అది. మరోరోజైతే నేనే పట్టుకుని ఏడిపించేదాన్ని. ఆవిడ ముఖం చూసి ఊరుకున్నాను. ప్రత్యూష బ్యాగు భుజం మీదే ఉంచుకుని గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆ పిల్ల లోపలికి వెళ్లిపోతుందేమో, ఇంకో అయిదు నెలలు ఇలాగే గడుస్తాయేమోనని నాకు నిజంగా భయం వేసింది.

గోవిందమ్మగారు పళ్లెం పక్కన పెట్టారు. కొంగుతో చేతులు తుడుచుకున్నారు. మా ఊరి ఇళ్లల్లో అత్తగారు కోడలితో ఇలాంటి మాట అనగా నేను వినలేదు, ఇకముందు వింటాననీ అనుకోను.

“గీతలు తుడిచేసిన తప్పు తెలియక చేశానమ్మా. వాళ్లకి నిజం చెప్పడం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ పోయేది నీ ఉద్యోగమని నువ్వు నాకు చెప్పావు, అయినా నిన్ను ఒక్క మాట అడక్కుండా చెప్పేశాను. అది తెలిసి చేసిన తప్పు.”

ప్రత్యూష బ్యాగు దించింది. చెప్పులు విడిచి వచ్చి ఆవిడకు అటుపక్కన నేల మీద కూర్చుంది. పొద్దుటి నుంచి మీరూ ఏం తినలేదా అత్తయ్యా అని అడిగింది. లేదన్నారు. అయితే ముందు అన్నం తిందాం పదండి అన్నది ప్రత్యూష.